అనుమతి లేని మార్పులున్న ఇంటిని అమ్మాలంటే: బేరానికి ముందే చేసుకోవాల్సిన పనులు

గోడ తీసేసి హాలు పెద్దది చేసుకున్నారు. బాల్కనీకి కిటికీలు బిగించి గదిగా మార్చారు. పైకప్పు మీద ఒక గది, బాత్రూమ్ లేపారు. ఉన్నన్నాళ్లూ ఎవరూ అడగలేదు. అమ్మకానికి పెట్టాక మాత్రం ముగ్గురు వరసగా అడుగుతారు: కొనేవాళ్ల లాయరు, వాళ్లకు అప్పిచ్చే బ్యాంకు పంపే వాల్యుయర్, వాళ్ల తరఫున ఇల్లు పరిశీలించే ఇంజనీరు. లాయరు కాగితాలు చూస్తాడు, వాల్యుయర్ కొలతలు చూస్తాడు, ఇంజనీరు గోడ వెనక ఏముందో చూస్తాడు.

బేరం ఎక్కువగా చెడేది వాల్యుయర్ దగ్గర. ఇల్లు 1,400 చదరపు అడుగులుండి, అనుమతి 1,150కే ఉంటే బ్యాంకు సాధారణంగా ఆ 1,150కే విలువ కడుతుంది. మీరు 1,400కి ధర చెప్పి ఉంటారు. మిగతా 250 అడుగుల డబ్బు కొనేవాళ్లు సొంతంగా తేవాలి. అప్పటికి బయానా చేతులు మారి ఉంటుంది, రిజిస్ట్రేషన్‌కు గడువు దగ్గర పడుతుంటుంది. ఆ స్థితిలో ధర తగ్గించమని అడిగితే కాదనడం కష్టం. అదే సంగతి మీరు ఆరు నెలల ముందు తెలుసుకుని ఉంటే, దాన్ని సరిచేయాలో, తీసేయాలో, ధరలో సర్దుకోవాలో మీరే నిర్ణయించుకోవచ్చు. కింద చెప్పే పనులన్నీ ఆ వెసులుబాటు కోసమే.

మొదట కాగితాలు, తర్వాత టేపు

స్థానిక సంస్థ కార్యాలయం నుంచి మీ ఇంటి అనుమతి పొందిన ప్లాన్‌కు ధ్రువీకరించిన నకలు తీసుకోండి. మీ బీరువాలో ఉన్న జిరాక్సును నమ్ముకోవద్దు. దాని మీద ముద్ర ఉందో లేదో, అది చివరిగా సవరించిన ప్లానో, అంతకు ముందుదో తెలియదు. దానితో పాటు పని పూర్తయినట్టు ఇచ్చిన సర్టిఫికెట్, ఇంట్లో నివసించవచ్చని ఇచ్చిన సర్టిఫికెట్, కరెంటు కనెక్షన్‌కు మంజూరైన లోడు వివరం, పన్ను రికార్డులో ఉన్న విస్తీర్ణం, మార్పులు చేసినప్పటి బిల్లులు, ఫొటోలు అన్నీ ఒకచోట పెట్టండి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 'పై గదికి ఇంటి పన్ను కడుతున్నాం, మీటరు కూడా ఇచ్చారు, ఇంకేం కావాలి' అనుకుంటారు. పన్ను వేసే విభాగం ఉన్నదాన్ని కొలిచి పన్ను వేస్తుంది. అది కట్టొచ్చా లేదా అన్నది వేరే విభాగం పని. పన్ను రసీదు ఆ గది ఫలానా ఏడాది నాటికే ఉందని రుజువు చేస్తుంది. ఆ మేరకు అది విలువైనదే. కానీ అది అనుమతి కాదు.

ఇంకొకటి: అనుమతి తీసుకుని, పని చేసి, చివరి తనిఖీ చేయించకుండా వదిలేసిన కేసులు. కాంట్రాక్టరు 'అదంతా నేను చూసుకుంటా' అని ఉంటాడు, డబ్బు అందాక మళ్లీ రాలేదు. రికార్డులో ఆ ఫైలు ఇంకా తెరిచే ఉంటుంది. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు ఆధారం చేసుకునే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం అనుమతి ఇచ్చాక 180 రోజుల్లో పని మొదలుకాకపోయినా, మధ్యలో 180 రోజులు ఆగిపోయినా అనుమతి చెల్లకుండా పోతుంది. కాబట్టి అనుమతి నంబరు ఉందని ఊరుకోకండి. అది 'పూర్తయింది' అని మూసేశారా లేదా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి.

కాగితాలు చేతికొచ్చాక ఇల్లు కొలవండి. లేజర్ మీటరు ఉంటే మంచిది, లేకపోతే 15 మీటర్ల టేపు చాలు. ప్రతి గది పొడవు, వెడల్పు, ఎత్తు, గోడల మందం, కిటికీ తెరుచుకునే మేర, సరిహద్దు గోడ నుంచి ఇంటి గోడకున్న దూరం రాసుకోండి. అనుమతి ప్లాన్ నకలు మీద ఎర్ర పెన్నుతో తేడాలు గుర్తించండి: కొత్త గోడ, తీసేసిన గోడ, కొత్త తలుపు, కొత్తగా నీళ్లు వెళ్లే చోటు, కొత్త కరెంటు లైను, వాడకం మారిన గది. ఆఖరిది చాలామంది వదిలేస్తారు. కారు షెడ్డును పడకగది చేస్తే ఒక్క ఇటుక కదలకపోయినా అది మార్పే. పార్కింగ్ స్థలం పోయిందన్న అభ్యంతరం వస్తుంది. షెడ్డు నేల ఇంటి నేలకన్నా పల్లంగా, వాలుగా ఉంటుంది కాబట్టి చెమ్మ సమస్య కూడా దానితోనే వస్తుంది.

దేనికి కంగారు పడాలి, దేనికి అక్కర్లేదు

రంగులు, నేల పలకలు, వంటింటి అల్మరాలు, పాత కుళాయి స్థానంలో కొత్త కుళాయి, ఉన్న కొలతలోనే మార్చిన తలుపు రెక్క: వీటికి ఎక్కువ చోట్ల అనుమతి అక్కర్లేదు. వీటిని జాబితా నుంచి కొట్టేయండి.

మిగిలిన వాటిని రెండుగా విడదీయండి. ఒకటి, పని నాణ్యతకు సంబంధించినవి: బరువు మోసే గోడలు, స్లాబు మీద పెంచిన బరువు, మురుగు లైన్లు, కరెంటు, గ్యాసు, మంటల నుంచి తప్పించుకునే దారి. వీటిని పరీక్షించి, బలపరిచి, సరిచేయొచ్చు. రెండోది, చోటుకు సంబంధించినవి: సరిహద్దుకు వదలాల్సిన ఖాళీలోకి జరిగిన గోడ, అనుమతించిన ఎత్తు దాటిన అంతస్తు, అందరికీ చెందిన డాబా మీద కట్టిన గది. వీటిని ఎంత గట్టిగా కట్టినా లాభం లేదు. స్థానిక నియమాల్లో సడలింపు ఉంటే సరే, లేకపోతే తీసేయడమే. అందుకే ముందు రెండో రకాన్ని తేల్చుకోండి. తీసేయక తప్పని గదిలో వైరింగు సరిచేయడానికి డబ్బు పోయడం వృథా. అపార్ట్‌మెంటు అయితే నివాసుల సంఘం రాతపూర్వక సమ్మతి కూడా చూసుకోవాలి. మీ ఫ్లాటులో ఉన్న దూలం పైనున్నవాళ్ల బరువు కూడా మోస్తుంది.

ముందు ఇంజనీరు, తర్వాత లాయరు, ఆఖర్న కార్యాలయం

ఈ వరస మార్చకండి. కార్యాలయానికి వెళ్లి 'మా ఇంట్లో అనుమతి లేని గది ఉంది, ఏం చేయాలి' అని అడిగితే అది రికార్డులోకి ఎక్కవచ్చు, నోటీసు రావచ్చు. ఏముందో మీకే పూర్తిగా తెలియనప్పుడు నోటీసు గడువులోపు పరుగెత్తాల్సి వస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో దీనికి ఇంకో కోణం కూడా ఉంది. అక్కడ పాత మార్పుల విషయంలో కొనేవాళ్లకు నష్టపరిహార బీమా పాలసీ తీసివ్వడం మామూలే. కానీ ఎవరైనా ముందే కౌన్సిల్‌తో (అక్కడి స్థానిక సంస్థతో) ఆ సంగతి మాట్లాడితే బీమా సంస్థలు సాధారణంగా ఆ పాలసీ ఇవ్వవు. పైగా ఆ పాలసీ అధికారుల చర్య వల్ల వచ్చే ఖర్చుకే రక్షణ. దూలం కుంగితే అది పనికిరాదు. అందుకే దాన్ని మరమ్మతుకు బదులుగా చూడకూడదు.

దాచమని చెప్పడం లేదు. పూర్తి వివరంతో, పరీక్షల ఫలితాలతో, సరిదిద్దే ప్రణాళికతో వెళ్లమని చెబుతున్నాం. అలాంటి దరఖాస్తును పరిశీలించడం అధికారికీ సులువు.

విప్పి చూడాల్సినవి

కప్పేసిన పనిని ఏ అధికారీ కళ్లు మూసుకుని ఒప్పుకోడు. అతను చూడాల్సిన అతుకులు, ఆనికలు బయటపెట్టాలి. గోడంతా పగలగొట్టక్కర్లేదు. దూలం చివర్లు, వైర్ల జంక్షన్లు, పైపుల మలుపులు ఉన్నచోట సుమారు 150 మి.మీ. చదరాన ప్లాస్టరు తీస్తే చాలు. ప్రతిచోటా టేపు పెట్టి ఫొటో తీయండి. ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి.

తీసేసిన గోడ: అది అడ్డుగోడేనా, బరువు మోసేదా అన్నది మొదటి ప్రశ్న. మందాన్ని బట్టి తేల్చేయకండి. పాత ఇళ్లలో సన్నగోడ మీద కూడా పైఅంతస్తు ఆని ఉంటుంది. తీసినచోట దూలం వేశారా, వేస్తే రెండు చివర్లా ఎంత ఆనిక ఉంది అన్నది చూడాలి. ఇటుక గోడ మీద దూలానికి చెరో వైపు కనీసం 150 మి.మీ. ఆనిక అనేది వాడుకలో ఉన్న కొలత. ఉక్కు దూలమైతే దాని చివర కింద కాంక్రీటు దిమ్మ ఉండాలి. లేకపోతే బరువంతా ఒకటి రెండు ఇటుకల మీద పడి అవి నలుగుతాయి. తెరిచిన చోటికి పైన ఏటవాలు పగుళ్లు, పై గదిలో తలుపు పట్టేయడం, నేల మధ్యలో కుంగడం దీనికి గుర్తులు. దూలం అడుగున ఒక చివర నుంచి మరో చివరికి దారం బిగించి లాగితే ఎంత కుంగిందో మిల్లీమీటర్లలో కనిపిస్తుంది.

పైకప్పు మీద పెరిగిన బరువు: దీన్ని లెక్కగా చూస్తే తప్ప తీవ్రత అర్థం కాదు. ఇళ్ల నేలలను సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక బరువుకు లెక్కవేస్తారు. 230 మి.మీ. మందం, 3 మీటర్ల ఎత్తున్న ఇటుక గోడ పొడవున ప్రతి మీటరుకూ దాదాపు 1.4 టన్నులు తూగుతుంది. 1,000 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్లే ఒక టన్ను. 300 మి.మీ. తడి మట్టితో వేసిన తోట చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. గోడ సరిగ్గా కింది దూలం మీదే లేచిందా, లేక దూలం లేని స్లాబు మధ్యలో లేచిందా అన్నది చూడండి. రెండోదైతే గోడ కింద, స్లాబు అడుగున గోడ వెంబడే పగులు వెతకండి.

ఇంజనీరు కవర్ మీటరుతో ఊచల స్థానం, రీబౌండ్ హ్యామరుతో కాంక్రీటు పైపొర గట్టిదనం చూస్తాడు. హ్యామరు ఫలితం ఒక్కటే పట్టుకుని బలం చెప్పే నివేదికను ఒప్పుకోకండి. అది ఒకచోటుతో మరోచోటు పోల్చుకోవడానికే పనికొస్తుంది. అనుమానం ఉంటే కోర్లు, అంటే పరీక్షకు కోసి తీసే కాంక్రీటు ముక్కలు, తీయించాలి. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం మూడు కోర్లు తీయాలి. వాటి సగటు బలం ఆ వయసు కాంక్రీటుకు ఉండాల్సిన దానిలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతం కంటే తక్కువ ఉండకూడదు.

కొత్త బాత్రూమ్: మురుగు గొట్టం వాసన, గుడగుడ శబ్దం గమనించండి. కమోడ్ ఫ్లష్ చేసినప్పుడు పక్కనున్న నేల జాలీలో నీళ్లు గుడగుడమంటే గాలి గొట్టం లేకపోవచ్చు. అది లేకపోతే దిగే నీళ్లు గాలిని లాగుతాయి. ఆ లాగుడుకి ట్రాపులో (వాసన రాకుండా నీళ్లు నిలిచే గొట్టం వంపులో) ఉండాల్సిన 50 మి.మీ. నీళ్లు ఖాళీ అయిపోయి మురుగు వాయువు గదిలోకి వస్తుంది. 100 మి.మీ. గొట్టానికి వాలు 40కి 1 నుంచి 80కి 1 మధ్య ఉండాలి. వాలు తక్కువైతే మలినం ఆగిపోతుంది. నేలలోంచి నీళ్లు కిందికి కారుతున్నాయేమో చూడాలంటే జాలీ మూసి 25 మి.మీ. నీళ్లు నిలిపి, మట్టం గోడ మీద గీత గీసి, 24 గంటల తర్వాత కింది గది కప్పు చూడండి. గీత కాస్త తగ్గితే ఆవిరి కావొచ్చు. కింద చెమ్మ కనిపిస్తే మాత్రం నేల విప్పాల్సిందే. ఇంకో దారి లేదు. పైన సిలికాన్ పూసి అమ్మేస్తే అది తెలిసి దాచిన లోపం అవుతుంది.

కరెంటు: తరచూ కనిపించే తప్పు సన్నవైరుకు పెద్ద బ్రేకరు. ఏసీ పెట్టాక పదేపదే ట్రిప్ అవుతోందని ఎవరో 20 ఆంపియర్ల బ్రేకరు తీసి 32 పెడతారు. గోడలో ఉన్నది 2.5 చదరపు మి.మీ. రాగి వైరే. ఇక బ్రేకరు తెగకముందే వైరు కాలుతుంది. బోర్డు మూత తీయించి ప్రతి బ్రేకరు వెనక వైరు మందం రాయించండి. 230 వోల్టుల ఇంట్లో ఎలక్ట్రీషియన్ చేత రెండు పరీక్షలు చేయించండి. ఒకటి, 500 వోల్టుల డీసీతో ఇన్సులేషన్ పరీక్ష. ప్రతి సర్క్యూట్లోనూ కనీసం 1 మెగాఓమ్ రావాలి. పరీక్షకు ముందు ఉపకరణాలన్నీ విడదీయాలి. లేకపోతే రీడింగూ తప్పుగా వస్తుంది, ఉపకరణాలూ పాడవుతాయి. రెండోది, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే పరికరం) పరీక్ష. ఆ లీకేజీకి 300 మిల్లీసెకన్లలోపు అది తెగాలి. దాని మీదున్న బొత్తాం నొక్కి చూడటం సరిపోదు. పరికరంతో కొలిచి సమయం రాయాలి. పెట్టె లేకుండా ప్లాస్టరులో పూడ్చిన అతుకులు దొరికితే వాటిని అందుబాటులో ఉండే జంక్షన్ బాక్సులోకి మార్పించండి.

పడకగదిగా మార్చినవి: ఇక్కడ ప్రాణాల సంగతి ఉంది కాబట్టి రాజీ వద్దు. మంట వస్తే తలుపు కాక మరో దారి ఉండాలి. ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ అడిగేది ఇది: తెరిచిన కిటికీ ఖాళీ కనీసం 5.7 చదరపు అడుగులు, ఎత్తు 24 అంగుళాలు, వెడల్పు 20 అంగుళాలు, నేల నుంచి కిటికీ దిగువ అంచు 44 అంగుళాలు మించకూడదు. ఇందులో మెలిక ఉంది. 24ను 20తో గుణిస్తే 3.3 చదరపు అడుగులే వస్తుంది. అంటే రెండూ కనీస కొలతల్లోనే ఉంటే కిటికీ చాలదు, ఏదో ఒకటి పెంచాలి. గది ఎత్తు విషయానికొస్తే అదే కోడ్ 7 అడుగులు అడుగుతుంది. భారత జాతీయ భవన నియమావళి నివాస గదికి 2.75 మీటర్లు అడుగుతుంది. మీ ప్రాంతంలో ఏది వర్తిస్తుందో ఇంజనీరును అడిగి దానితోనే పోల్చుకోండి. గ్యాసుతో నడిచే గీజరు ఆ గదిలోనో, దానికి ఆనుకునో ఉంటే ముందు దాన్ని తీయించండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

మూడు దారులు

పరీక్షల నివేదిక చేతికొచ్చాక మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి: క్రమబద్ధీకరించడం, తీసేసి పూర్వస్థితికి తేవడం, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మడం.

క్రమబద్ధీకరణకు కావలసినవి దాదాపు అన్నిచోట్లా ఒకటే: ఇప్పుడున్న ఇంటి ప్లాన్, ఇంజనీరు సర్టిఫికెట్, విప్పినచోట్ల ఫొటోలు, పని ఎప్పుడు జరిగిందో రుజువు, రుసుము, జరిమానా. తేదీ రుజువు ఎందుకంటే చాలా పథకాలు ఫలానా తేదీకి ముందో తర్వాతో చేసిన పనులకే వర్తిస్తాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో రెగ్యులరైజేషన్ సర్టిఫికెట్ 1985 నవంబర్ 11 తర్వాత చేసిన పనులకే ఇస్తారు. బిల్లులు లేకపోతే గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు వెతకండి. గది లేని చిత్రం ఒకటి, ఉన్న చిత్రం ఒకటి దొరికితే ఆ రెండు తేదీల మధ్య పని జరిగినట్టు చూపొచ్చు.

తీసేయడం ఓటమి కాదు. బాల్కనీ కిటికీలు, కారు షెడ్డులోని అడ్డుగోడ లాంటివాటికి అదే చవక. కాకపోతే తీయడానికి కూడా కొన్నిచోట్ల అనుమతి కావాలి. నీటి, మురుగు లైన్లను అసలు గొట్టం దగ్గరే మూయాలి. గోడలోనే బిరడా పెట్టి వదిలేస్తే ఆ గొట్టంలో నిలిచిన మురుగు తర్వాత బయటపడుతుంది.

మూడో దారిలో అమ్మేవాళ్లను కాపాడేది రాత ఒక్కటే. భారత్‌లో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాళ్లకు తెలిసి, కొనేవాళ్లకు మామూలు జాగ్రత్తతో తెలియని ముఖ్యమైన లోపాన్ని చెప్పి తీరాలి. కాలిఫోర్నియాలో అమ్మేవాళ్లు నింపాల్సిన ఫారంలో అనుమతి లేకుండా చేసిన అదనపు గదులు, మార్పుల గురించి నేరుగా ప్రశ్నే ఉంటుంది. నోటిమాటగా 'చెప్పానుగా' అంటే రేపు కోర్టులో నిలవదు. ఇలా రాయండి: 'పైకప్పు మీద 180 చదరపు అడుగుల గది, బాత్రూమ్ ఉన్నాయి. వీటికి అనుమతి లేదు. ఇంజనీరు నివేదిక జతచేశాం.' ప్రకటనలో కూడా 'నాలుగు పడకగదులు' అనకండి. 'మూడు పడకగదులు, అనుమతి లేని ఒక గది' అనండి. ఇది చదివి కొందరు రారు. వచ్చినవాళ్లు మాత్రం తెలిసే వస్తారు.

ధరకు ఒక పద్ధతి. అనుమతి ఉన్న విస్తీర్ణానికి మార్కెట్ ధర కట్టండి. దానికి అదనపు భాగాన్ని క్రమబద్ధీకరించాక వచ్చే విలువ కలపండి. అందులోంచి రుసుము, జరిమానా, మరమ్మతు ఖర్చు, అన్నీ సరిగ్గా సాగకపోతే తీసేసే ఖర్చులో సగం మినహాయించండి. ఆ సగం అనేది నియమం కాదు, అనుమతి వచ్చే అవకాశాన్ని బట్టి పెంచొచ్చు, తగ్గించొచ్చు. క్రమబద్ధీకరణకు అవకాశమే లేకపోతే అదనపు భాగం విలువ సున్నా వేసి, తీసేసే ఖర్చు పూర్తిగా మినహాయించాలి.

అగ్రిమెంటులో లాయరు చేత మూడు విషయాలు రాయించండి. నోటీసు వస్తే ఎవరు భరించాలి, ఎంత మొత్తం వరకు, ఎన్నాళ్ల వరకు. క్రమబద్ధీకరణ దరఖాస్తు పరిశీలనలో ఉండగా అమ్ముతుంటే ధరలో కొంత మొత్తం మూడో వ్యక్తి దగ్గర ఉంచి, సర్టిఫికెట్ వచ్చాక విడుదల చేసేలా రాసుకోవచ్చు. ఎవరి దగ్గర ఉంచుతారో, ఏ కాగితం చూపితే ఇస్తారో, గడువు దాటితే ఎవరికి వెళుతుందో రాయకపోతే ఆ డబ్బే కొత్త గొడవ అవుతుంది. బ్యాంకు అప్పు మీద కొనేవాళ్లయితే బయానా తీసుకునే ముందే ఈ వివరాలు వాళ్ల బ్యాంకుకు పంపమనండి.

రిజిస్ట్రేషన్ రోజున ఒక ఫైలు కొనేవాళ్లకు అప్పగించండి: అనుమతి ప్లాన్, ఇప్పటి ప్లాన్, పరీక్షల నివేదికలు, తేదీలున్న ఫొటోలు, రుసుము రసీదులు, మీరు రాసిచ్చిన లోపాల పత్రం. ప్రతి కాగితం మీదా వాళ్ల సంతకం, తేదీ తీసుకుని మరో సెట్టు మీ దగ్గర ఉంచుకోండి. మీ ప్రాంతంలో ఇలాంటి దావాలకు ఎన్నేళ్ల గడువుందో లాయరును అడిగి, అన్నేళ్లూ దాన్ని పారేయకండి.